తుడిచే కుర్చీలు

పక్షవాతం వార్డుకు వచ్చిన కొత్త మరుగుదొడ్డి కుర్చీలను పెద్ద నర్సు వెనక్కి పంపేసిందనీ, అదంతా అక్క మొగుడి మీద కచ్చేననీ ఆసుపత్రంతా గుప్పుమంది. కుర్చీలు చేసినవాడు ఆమె బావ. వాళ్లిద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పేనట. క్యాంటీన్‌లో ఈ మాట చెప్పినవాళ్లు చేతులు తిప్పుతూ మరీ చెప్పారు.

నిజానికి కుర్చీలు దించిన ఉదయం ఆమె ముఖం విచ్చుకుంది. చక్రాలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. నీలం రెక్సిన్ తొడిగిన మెత్తటి సీటు, మధ్యలో గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ ముచ్చటైన కుట్టు. ఆ కుట్టు దగ్గరే ఆమె వేలు ఆగిపోయింది.

"బావా, ఇది కడిగితే నీళ్లు ఎటు పోతాయి?"

"కడగడమెందుకమ్మా మరదలూ? తడిగుడ్డతో తుడిస్తే అద్దమే! శుభ్రం చేసుకునేలా ఉండాలన్నారు, ఉంది కదా?"

ఆమె ఒక కుర్చీని పక్క వార్డులో వాడించింది. విరేచనాలవుతున్న ముసలాయనను దించాక ఆయా దాన్ని తుడిచింది. రెక్సిన్ నిజంగానే అద్దంలా మెరిసింది. సాయంత్రానికి మాత్రం దగ్గరికెళ్తే వాసన కొట్టింది. తొడుగు వేసుకున్న బొటనవేలితో సీటు నొక్కితే కుట్టు రంధ్రాల్లోంచి పచ్చటి నీరు ఊరింది. బావను పిలిపించి, ఆయన ముందే బ్లేడుతో కుట్టు విప్పింది. లోపల స్పాంజి ముద్దగా నాని, కుళ్లు కంపు కొడుతోంది.

"ఛీ ఛీ, మూసెయ్ తల్లీ!" బావ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "రేపే కదా కొత్త వార్డు తెరిచేది? ముందు తీసేసుకోండి, తర్వాత చూద్దాం."

"ఇందులో మీరు కూర్చుంటారా?"

"నాకేం ఖర్మ!"

వాసన కంటే ఆ మాటకే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది. మంచం మీద ఒరుసుకుపోయిన ఒంటితో, నోట మాట రానివాళ్లు ఇంకొకరి మురికి మీద కూర్చోవాలన్నమాట!

"తుడవడం వేరు, కడగడం వేరు బావా. అన్నీ తీసుకెళ్లండి. కుట్టు లేని గట్టి సీటు వేస్తేనే తెండి."

"మీ అక్కకేం చెప్పమంటావ్?"

ఆయన చెప్పనే చెప్పాడు. చీకటి పడకముందే అక్క ఫోన్ చేసింది.

"పరాయివాళ్లయితే ఇలా పరువు తీసేదానివా? ఇక నా గుమ్మం తొక్కకు."

ఆమె ఫోన్ పెట్టేసి, సబ్బు తీసుకుని చేతులు మళ్లీ కడుక్కుంది.

పుకారులో లేని సంగతి ఒకటుంది. వేరే చోట కుర్చీలు చూసిపెట్టుకున్న పెద్ద డాక్టరును బతిమాలి, ఆ పని బావకు ఇప్పించింది ఆమే.