నీలగిరి మొక్కను కొట్టిన ఆదివారం

ఫిబ్రవరి రెండో ఆదివారం. ఉన్నవాళ్ళు: నేను, కల్లావి నుంచి వచ్చిన మా బావమరిది, కిటికీ దగ్గర కుండీలో ఎండిన నీలగిరి మొక్క. డైరీలో ఇలాగే రాసుకున్నాను. మొక్కను ఉన్నవాళ్ళలో ఎందుకు చేర్చావని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

హోసూరులో మాది అద్దె ఇల్లు, మేడ మీద. డాబా మీద కుండీలు పెడితే నీళ్ళు కిందికి దిగుతాయని ఓనరు ఒప్పుకోడు. అందుకే పొలంలో పెరగాల్సిన చెట్టు హాల్లో పెరిగింది. బావమరిది తన చేలో నీలగిరి తోపు తీయించినప్పుడు మా ఆవిడ ఒక చిన్న మొక్క అడిగి తెచ్చుకుంది. ఆమెకు చలికాలమంతా జలుబే. ఆ ఆకు వేసి కాచిన నీళ్ళతో ఆవిరి పట్టేది. ఆమె పోయాక ఆవిరి పట్టేవాళ్ళు లేరు. మొక్క మాత్రం నా భుజం దాటింది.

ఉదయం కుండీని పావు వంతు తిప్పడం, వేలు దించి మట్టి చూడటం, తడి లేకపోతే నీళ్ళు పోయడం, ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడవడం. రిటైరయ్యాక నా ఆఫీసు అదే. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండానే సాయంత్రమయ్యేది. అలాంటి రోజు డైరీలో కొత్త ఆకు గురించి రాసేవాణ్ణి. ఇంట్లో నేను కాక ప్రాణమున్నది అదొక్కటే.

జనవరిలో కంటి ఆపరేషనుకు కృష్ణగిరి వెళ్ళాను. డాక్టరు మళ్ళీ చూడాలంటే అక్కడే లాడ్జిలో ఉండిపోయాను. తాళంచెవి ఎవరికైనా ఇచ్చి పోవలసింది. ఎవరికివ్వాలో తోచలేదు. తిరిగి వచ్చేసరికి ఆకులు వేయించిన అప్పడాల్లా ఉన్నాయి. నీళ్ళు పోశాను. లేవలేదు. కల్లావికి ఫోన్ చేశాను.

"ఆకంతా మాడిపోయిందా బావా? ఇంకేం చూస్తావు, కొట్టు," అన్నాడు బావమరిది.

"ఎప్పుడు?"

"పొద్దున్నే కొట్టు, చల్లగా ఉన్నప్పుడు."

మొక్కలకు మందు కొట్టడం, నీళ్ళు కొట్టడం తెలిసినవాణ్ణే కదా. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే డబ్బా తీసి, రోజూ పొద్దున్నే శ్రద్ధగా కొట్టాను. ఆకులు రాలడం మొదలైంది.

ఆదివారం అతను వస్తూనే కుండీ పక్కనున్న డబ్బాను చూశాడు.

"ఇదేంది బావా?"

"నువ్వే కదప్పా కొట్టమన్నావు."

అతను సోఫాలో కూలబడి నవ్వాడు. "నేను చెట్టు కొట్టమంటే నువ్వు నీళ్ళు కొట్టినావా! మా అక్క ఉండింటే ఊరంతా చెప్పుకోని నవ్వుండేది."

నేనూ నవ్వాను. ఆ హాల్లో ఇద్దరు కలిసి నవ్వి చాలా కాలమైంది. అంతలో అతను సంచిలోంచి కొడవలి తీశాడు.

"నరికేస్తే ఏం మిగుల్తుంది?" అన్నాను.

"మోడు."

"చిగురించకపోతే?"

అతను కుండీ దగ్గరికి జరిగాడు. గోటితో కాండం గీరాడు. పైన అంతా ఎండు రంగే. గీరుకుంటూ కిందికి వచ్చాడు. మట్టికి జానెడు ఎత్తున, బెరడు కింద సన్నగా పచ్చ కనిపించింది.

"ఈడ ప్రాణముంది. తోపులో కొట్టినప్పుడల్లా మోడు నుంచి పిలకలు వచ్చినాయి. కుండీలో వస్తాయో రావో, నేను చూసింది లేదు. మనసొప్పకపోతే ఇట్లే పెట్టుకో. పండగలకు సీరియల్ బల్బులు చుట్టుకుందువు."

కొడవలి నా చేతికిచ్చాడు. "ఏటవాలుగా కొట్టు. పైన నీళ్ళు నిలిస్తే మోడు కుళ్ళుతుంది."

ఆపరేషనైన కన్నుకు ఆ పచ్చ గీత బాగానే ఆనింది. దానికి కాస్త పైన కొట్టాను. ఒక్క దెబ్బకు తెగలేదు. ఎండిన ఆకుల్లో కూడా వాసన పోలేదు. హాలంతా మా ఆవిడ జలుబు రోజుల వాసన కమ్మింది. బావమరిది మొహం తిప్పుకొని, కొమ్మలు కట్టగట్టి కిందికి తీసుకుపోయాడు.

అన్నం తిన్నాక, "నాతో రా బావా, కల్లావిలో కొన్నాళ్ళుందువు," అన్నాడు.

"దీనికి నీళ్ళెవరు పోస్తారు?"

"మోడుకా?" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ ఒకసారి కిటికీ వైపు చూసి, బస్సుకు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆకులుండే చోట ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కనిపించింది. మట్టిలో వేలు దించాను. తడి ఉంది. కుండీని పావు వంతు తిప్పాను. వెలుతురు వైపు తిరగడానికి దానికి ఒక్క ఆకైనా లేదని తిప్పాక గానీ తోచలేదు. ఫోన్ మోగింది.

"చిగురొచ్చిందా బావా?"

"నిన్ననే కదప్పా కొట్టింది!"

"తెలుసులే. ఊరికే అడిగినాను."

"రేపు గూడా అడుగు," అన్నాను.