రాజకుమారిగారి ఆవకాయ సీసా

రాజకుమారిగారు తన ఆవకాయ సీసా మూత తానే తీసుకోగా చూసినవాళ్ళు తాడేపల్లిగూడెంలో లేరు. సీసా చంకనపెట్టుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరిగేవారు. కొరియర్ అబ్బాయికైనా, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనుషులకైనా ఒకటే మాట.

"ఏవండీ, ఈ మూత కాస్త తీసిపెడతారా?"

పాపం పెద్దావిడ కదా అని వాళ్ళు మొహం ఎర్రబడేలా తిప్పి తీసేవారు. ఆవిడ "చల్లగా ఉండండి" అని సీసా పుచ్చుకుని, వాళ్ళ కళ్ళముందే మళ్ళీ బిగించేసేవారు. ఒక్క ముక్క పెట్టిన పాపాన పోలేదు.

"అంత బిగించగలవారు తీసుకోలేరా పిన్నిగారూ?" అనడిగాను.

"నీకెందుకురా? కాఫీ తాగుతావా?"

మూత రానివాళ్ళ గతి మరీ ఘోరం. జగ్గారావుగారు ఒకప్పుడు మార్కెట్లో ఉల్లిపాయల బస్తా భుజానేసుకుని పరుగెత్తిన మనిషి. కొట్టు పెట్టాక కుర్చీ దిగడం మానేశారు. పోయినేడు ఆయనకి మూత రాలేదు. తువ్వాలు వేసి తిప్పారు, తలుపు సందున పెట్టి తిప్పారు.

"చేతికి నూనె అంటిందమ్మా, జారిపోతోంది."

"కడుక్కుని రావయ్యా."

కడుక్కొచ్చినా రాలేదు.

"కిందటేడు ఇట్టే తీశావు. ఏలూరెళ్ళి గుండె చూపించుకో."

వీధంతా పగలబడి నవ్వింది. మూతకీ గుండెకీ ఏం సంబంధం? ఆవిడ ఊరుకుంటేగా! పొద్దున్నే కొట్టు ముందు చేరి, వచ్చిన ప్రతి బేరానికీ "ఈయనకి మూత రాలేదండీ" అని చెప్పేవారు. పరువు దక్కించుకోడానికి జగ్గారావుగారు ఏలూరు బస్సెక్కారు. తోడుగా నేనూ వెళ్ళాను.

డాక్టరుగారు నవ్వలేదు. "పట్టు తగ్గితే గుండెజబ్బేనని కాదండీ. కానీ కండబలం తగ్గినవాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువ చూస్తుంటాం" అంటూ పరీక్షలు చేయించారు. రక్తనాళం ఒకటి దాదాపు పూడిపోయింది. స్టెంటు వేశారు.

ఊరొచ్చి ఆ మాట చెప్పగానే రాజకుమారిగారు గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

"మా ఆయన కొల్లేరు చెరువుల్లో వల లాగిన మనిషిరా. ఓ రోజు ఈ మూత తీయలేకపోయారు. ఇంత మనిషీ, మూత రాలేదాండీ అని పకపకా నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ వారంలోనే గుండె ఆగిపోయింది. నవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే..."

ఓదార్చబోయాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని సీసా నా చేతిలో పెట్టారు.

"ముందు నువ్వు తియ్యి."

మొన్న మాఘంలో ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయారు. తలుపు కొట్టి విసిగించేవాళ్ళు లేక వీధి బోసిపోయింది. ఆ విసుగు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

పెదకార్యం నాడు భోజనాల దగ్గరికి ఎవరో ఆ సీసా తెచ్చారు. ఆవిడ చేత్తో చివరిసారి బిగించిన మూత. ముట్టుకోడానికి ఎవరికీ చేతులు రాలేదు. జగ్గారావుగారు లేచారు. డాక్టరు చెప్పినట్టు ఏడాదిగా నడుస్తూ, చిన్న చిన్న బరువులెత్తుతూ మళ్ళీ మనిషయ్యారు. కళ్ళు మూసుకుని తిప్పారు. మూత వచ్చింది. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

ఇన్నాళ్ళకి ముక్క దొరికిందని అందరం విస్తళ్ళు ముందుకు జరిపాం. జగ్గారావుగారు సీసాలోకి ఓసారి చూసి, మూత మళ్ళీ గట్టిగా బిగించి, తెచ్చి నా విస్తరి పక్కన పెట్టారు.

"ఏవండీ, కాస్త తీసిపెడతారా?"