అడుగంటిన ఆలివ్ నూనె సీసా

మా బావ ఎల్లాజీ నోట 'నొప్పి' అనే మాట ఎవరూ విని ఎరగరు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై ఏళ్లుగా సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఆ బోటులోనే ఆయన పక్కన నిలబడి నేనూ పని నేర్చుకున్నాను. ఓసారి అరచేతిలో గేలం దిగితే "సిన్న గీతరా" అన్నాడు. ఆ గీతకి నాలుగు కుట్లు పడ్డాయి.

మావాళ్లు ఆపరేషన్లన్నీ ఎండాకాలం రెండు నెలల చేపల వేట నిషేధంలోనే పెట్టుకుంటారు. ఎలాగూ బోట్లు కదలవు. బావ మాత్రం ముందు బోటుకి రంగేయించి, వలలు బాగుచేయించి, తన హెర్నియా వంతు మే నెలాఖరుకి తెచ్చాడు. డాక్టరు ఆరు వారాలు కదలొద్దన్నాడు. వేట మొదలవడానికి మూడే ఉన్నాయి. ఆ రోజు ఎక్కకపోతే ఓనరు వేరే సరంగుని పెట్టుకుంటాడు. బావ భయమల్లా అదే.

నొప్పి బిళ్లలు కడుపులో మంట పెట్టాయి. డాక్టరు వాటిని తగ్గించి, "అన్నంలో రోజూ రెండు చెంచాల ఆలివ్ నూనె వేసుకో. మందు కాదుగానీ నొప్పికి కాస్త పనికిరావచ్చు" అన్నాడు. మా గంగాలమ్మక్క మందుల షాపులో చిన్న డబ్బా కొనుక్కొచ్చి, గాయం ఒక్కటీ వదిలి, మొగుడికి మెడ నుంచి మడమల దాకా రుద్దేసింది.

"అక్కా, అది తినాల!"

"పసిపిల్లలకి రుద్దే నూనె అన్నంలో ఏత్తారేటిరా?"

చివరికి తినే నూనె సీసా సూపర్ మార్కెట్ నుంచి నేనే తెచ్చాను. చేపల పులుసు మీద అది తేలుతుంటే చూడబుద్ధి కాలేదు. బావ కిక్కురుమనకుండా తిన్నాడు.

"నొప్పెలాగుంది బావా?"

"నొప్పేటి? నాకేటి నొప్పి?"

రోజూ ఇదే జవాబు. అక్క అడగడం మానేసింది.

వేటకి ముందురోజు పొద్దున్న బోటులోకి ఐసు ఎక్కిస్తున్నారు. బావ సంచి సర్దుకున్నాడు. అక్క నూనె సీసా ఎత్తి చూసింది. మొన్న సగానికి ఉన్నది అడుగంటింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఎవరూ చూడకుండా తాగేశాడు మహానుభావుడు. నాకు ఒళ్లు మండింది.

అక్క నేరుగా హార్బర్‌కి నడిచింది. వెనకే నేను.

"బాబూ, మా మావ ఈ నెల రాడు" అంది ఓనరు అచ్యుతరామయ్యతో. "బోటు మా తమ్ముడు తీసికెల్తాడు. మావ లేసినాక మల్లీ ఆయనదే."

ఆయన నా వైపు చూశాడు. తలూపాను. "సరే, నెల్లాళ్లే" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాక బావ అరుస్తాడని నిలబడ్డాను. అరవలేదు. చేతిలో సంచి కింద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"శానా నొప్పిగుందే" అన్నాడు అక్కతో.