ఆకలమ్మ రాయి

1946. మదనపల్లెలో కాపురం. పిలిచినవాళ్ళ వెంట వెళ్ళి పాత శాసనాలకు ఎస్టాంపేజ్‌లు తీయడం నా వృత్తి. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో బాదితే అది అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే కాగితమంతా నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతాయి. విద్య ఇంతే. మిగతాదంతా బస్సుల కోసం పడిగాపులు పడడమే.

మైసూరు వైపు జైన పండితులొకరు, బాగా పెద్దవారు, విద్యార్థులతో కుప్పానికి రైల్లో వస్తున్నామని కబురు పెట్టారు. తమ మతానికి చెందిన పాత చోట్లు చూపిస్తూ పాఠం చెప్పడం ఆయన పద్ధతి. నాలుగేళ్ళ కిందట మేము చూసిన రాయినే మళ్ళీ చూడాలన్నారు. నేను పుంగనూరు మీదుగా బస్సులో దుమ్ము మింగుతూ పోయి కలిశాను.

ఆ రాయి కుప్పం దగ్గర ఒక పల్లెలో, చేనుగట్టున ఉండేది. ఏ జీవికీ హాని చేయకుండా బతికి, చివరకు అన్నం నీళ్ళు మానుకుని వ్రతంగా ప్రాణం విడిచిన జైన సన్యాసినికి గుర్తుగా నిలిపింది. ఆమె పేరు మాత్రం మట్టిలో కూరుకుపోయిన కింది పంక్తుల్లో ఉండాలి. అప్పట్లో చేలో వేరుశెనగ ఉండి తవ్వడానికి కుదరలేదు. పండితులు సాగిలపడి మొక్కారు. చేనుగల మునెమ్మ ఎవరీమె అని అడిగితే, గొప్ప తల్లి, అన్నం మానుకుని పోయింది అని చెప్పారు. రైలుకు వేళయిందని లేచొచ్చేశాం. ఆ పేరు చదివిగాని కన్ను మూయనని ఆయన పంతం.

ఈసారి రాయికి చిన్న గుడి కట్టి ఉంది. కింది సగాన్ని గచ్చు దిమ్మెలో పాతేశారు. పై సగమంతా పసుపు, నూనె జిడ్డు. ముందర మేకతల, ఇంకా ఆరని నెత్తురు. నేను మాంసం తినేవాణ్ణే, అయినా రెండడుగులు వెనక్కి వేశాను. పండితులు గడప దగ్గరే కూలబడ్డారు.

మునెమ్మ సంబరంగా ఎదురొచ్చింది. "మీరు సెప్పబట్టే తెలిసింది సామీ. కూడు లేక పోయిన తల్లిని ఎండకొదిలేసినామే అని ఏడిస్తి. ఆకలమ్మ అని పేరు పెట్టుకుంటిమి. మేము గంజి తాగినా ఈమెకి మేక తప్పనీలేదు."

"ఆకలితో కాదమ్మా," అన్నారాయన మెల్లగా. "ఇష్టంగానే మానుకుంది."

మునెమ్మ జాలిగా చూసింది. "కూడు ఇష్టంగా యెవురు మానుకుంటారు సామీ? బిడ్డలకి సాలకుంటే తల్లి నాకాకలి లేదంటాది. ఈమె కూడా అట్లే అనుంటాది."

నాకు తిక్కరేగి, గచ్చు పగలగొట్టిద్దాం, పేరు దొరుకుతుంది అన్నాను. ఆయన వద్దని చెయ్యెత్తారు. "ఇప్పుడు ఈమె వాళ్ళ తల్లి. సగం చెప్పి పోయింది నేనే కదా," అన్నారు. మునెమ్మ ఆకులో పెట్టి తెచ్చిన మాంసం ఆయన దాకా పోకుండా నేనే అందుకున్నాను. ఆ రోజు నా కాగితాలు తడవనే లేదు.

ఆయన మళ్ళీ రాలేదు. ఏడాది తిరక్కుండానే పోయారని తెలిసింది. ఆ పేరు ఇంకా గచ్చులోనే ఉంది. అప్పటినుంచి ఏ రాతి దగ్గరైనా పక్కన నిలబడ్డవాళ్ళకు కథంతా చెప్పి, వాళ్ళేమనుకున్నారో విని గాని లేవను. రైలు పోతే పోనీ.