రాత వాళ్ళది, మాట మాది

దోహాలో వేసవి మధ్యాహ్నాలు ఆరుబయట పని నిషేధం. ఆ విరామంలో మా సైట్ ఆఫీసు కేబిన్‌లో ఎక్కడ వాలినవాళ్ళు అక్కడే కునుకు తీసేవారు, ఇద్దరు తప్ప. ఒకరు రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ కొరియా ఇంజనీరు. రెండో అతను క్రేన్ పనివాళ్ళ మీద ఉండే చైనా ఫోర్‌మన్. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రం. అయినా పాత డ్రాయింగుల వెనక చైనా అక్షరాలు రాసుకుంటూ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారు. ఒకరు రాసి కాగితం తిప్పుతారు, రెండోవారు చదివి పకపకా నవ్వుతారు.

హైదరాబాదు నుంచి వచ్చిన మా క్యాంప్ ఇన్‌ఛార్జి, "ఏం రాసుకుంటుండ్రన్నా గీ ఇద్దరు? లవ్ లెటర్లా?" అని నవ్వేవాడు. నేను ఆ కంపెనీలో అడ్మిన్ ఉద్యోగిని, ఎదుటివాళ్ళ సంగతులన్నీ తెలుసుకోవాలనే జబ్బున్నవాణ్ణి. ఓ రోజు ఇంజనీరుగారినే అడిగేశాను.

ఆయన తన వచ్చీరాని ఇంగ్లీషులోనే తీరిగ్గా చెప్పాడు. కొన్ని వందల ఏళ్ళ పాటు కొరియాలోనూ, జపాన్‌లోనూ, వియత్నాంలోనూ పెద్ద చదువంటే చైనా అక్షరాలేనట. కొరియాలో పరీక్ష రాసి కొలువు సంపాదించాలన్నా, రాజుకి విన్నపం పంపాలన్నా అవే. రాయబారులు చైనా వెళ్ళినప్పుడు నోటి మాట పనికిరాదు కనక, ఎదురెదురుగా కూచుని కుంచెతో మాట్లాడుకునేవారట. "రాత వాళ్ళది, మాట మాది," అన్నాడు. తర్వాత కొరియాకి సొంత లిపి వచ్చింది గానీ, ఆయన బడిలో ఈ అక్షరాలు కూడా నేర్చుకున్నాడు. తమాషా ఏమిటంటే, చైనాలో ఇప్పుడు చాలా అక్షరాల్ని కుదించి రాస్తారు. ఈయన పాత పద్ధతిలో రాస్తే ఒక్కోసారి ఆ ఫోర్‌మనే తల గోక్కునేవాడు! "వాళ్ళ తాతల రాత మా ఇంట్లో మిగిలింది," అని ఈయన మురిసిపోయేవాడు.

నేను గోదావరి జిల్లావాణ్ణి. కన్నడ బోర్డు కనబడితే కూడబలుక్కుని చదువుతాను, అర్థం మాత్రం కాదు. వీళ్ళకి అర్థం ఒకటే, చదివే తీరు వేరు. నాకు ఆ ముచ్చట భలే నచ్చింది. నచ్చినదాన్నే పాడు చేశాను.

క్రేన్ పని వేరే కాంట్రాక్టర్‌కి పోయింది. ఫోర్‌మన్‌నీ అతని మనుషుల్నీ గడువుకి ముందే ఇంటికి పంపెయ్యాలని ఆఫీసు నిర్ణయించింది. ఇలాంటి కబురు చెప్పడం అడ్మిన్ పని, అంటే నా పని. కంపెనీ ఇచ్చే ఉత్తరం అరబిక్‌లో, ఇంగ్లీషులో ఉంటుంది, ఫోర్‌మన్‌కి ఆ రెండూ చదవడం రాదు. మర్నాడు దుబాసీ వస్తానన్నాడు. ఆ దుబాసీ పక్కన నిలబడి అతని మొహం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనుకునే బాపతు నేను. ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళి, "మీరు రాసి చెబితే మర్యాదగా ఉంటుంది సర్, స్నేహితులు కదా," అన్నాను. మర్యాదట! నా పిరికితనానికి ఎంత మంచి చొక్కా తొడిగానో.

ఆయన నా వంక చూసి పెన్ను తీశాడు. ఎప్పుడూ చకచకా రాసే మనిషి ఆ వేళ ఒక్కో గీతా ఆగి ఆగి గీశాడు. ఫోర్‌మన్ చదివాడు. కాగితం అక్కడే వదిలి లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత విరామాల్లో ఇంజనీరుగారు ఒక్కడే కూచునేవాడు. ఫోర్‌మన్ తన మనుషులతో బస్సులోనే పడుకునేవాడు.

"నీ డ్యూటీ తీస్కపోయి ఆయన నెత్తిన పెడ్తివి గదన్నా," అన్నాడు క్యాంప్ ఇన్‌ఛార్జి.

"అదేం లేదు భాయ్, ఆయనైతే బాగా చెప్తాడని..." అని నసిగాను. అతను నవ్వలేదు.

ఇంజనీరుగారిని క్షమాపణ అడగాలని రోజూ అనుకునేవాణ్ణి. ఆఫీసుకి వెళ్ళి తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాణ్ణి.

వాళ్ళని విమానాశ్రయానికి తీసుకెళ్ళే బస్సు రానే వచ్చింది. ఫోర్‌మన్ కేబిన్‌లోకి వచ్చి, నిలబడే ఏదో గీకి, కాగితాన్ని ఇంజనీరుగారి ముందుకి తోశాడు. ఆయన ఒకే ఒక్క అక్షరం రాసి తిప్పాడు. ఫోర్‌మన్ చెయ్యి కలపకుండానే బయటికి నడిచాడు.

"ఏమన్నాడు సర్?" అని అడిగాను.

"'ఆ రోజు నీచేత అది రాయించిందెవరు' అని అడిగాడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "'నేనే' అని రాశాను."

కిటికీలోంచి బస్సు కనబడుతూనే ఉంది, డ్రైవరు ఇంకా సామాన్లు ఎక్కిస్తున్నాడు. నాకు చైనా అక్షరం ఒక్కటీ రాకపోతేనేం, వెళ్ళి నా ఛాతీ మీద వేలు పెట్టి చూపిస్తే ఫోర్‌మన్‌కి తెలిసిపోయేది. బస్సు కదిలేదాకా నేను ప్రింటర్ దగ్గరే నిలబడి తెల్ల కాగితాలు సర్దాను.