నా నిలువెత్తు బంగారం

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉన్న రోజుల్లో, వరంగల్‌లో ఒక నేతవాళ్ల ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేదాన్ని. గోడ అవతల మగ్గం. నేను కళ్లు మూయగానే దానికి ప్రాణం లేచొచ్చేది. ఇంటి పెద్దావిడను వీధిలో అందరిలాగే నేనూ అవ్వా అనేదాన్ని.

"అవ్వా, జరసేపు ఆపియ్యరాదు" అని రోజూ పోరేదాన్ని.

"మగ్గం ఆగితె పొయ్యి ఆగుతది బిడ్డా" అని నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఇంకా మండేది.

నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు, స్టేషన్ ఘన్‌పూర్‌లో పెంచిన మేనమామా పోయాడు. ఒక్కదాన్నే హాయిగా ఉన్నానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేదాన్ని. రాత్రంతా ఊరికీ ఊరికీ మాటలు కలిపే నాకు, తెల్లారితే మాట్లాడే మనిషి లేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక వానాకాలం టైఫాయిడ్ వచ్చి హనుమకొండ దవాఖానలో పడ్డాను. అవ్వ రోజూ బస్సెక్కి జావ తెచ్చి తాగించేది. లేచి తిరగడం మొదలుపెట్టగానే మళ్లీ మగ్గం మీద పోట్లాటకు దిగాను. మనిషి బుద్ధి అంతే.

చలికాలం చివర మేడారం జాతర దగ్గరపడింది. ఒక సాయంత్రం డ్యూటీకి పోతుంటే, వీధి చివర నూలు దుకాణం ముందు అవ్వ నిలబడి ఉంది. మూటలు తూచే పెద్ద కాంటా చూపించి, "జర ఇందుల కూసో బిడ్డా, కాంటా సక్కగున్నదో లేదో సూస్త" అంది. బ్యాగూ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. నా మీద వేళాకోళం అనుకుని విసురుగా దిగి వెళ్లిపోయాను.

జాతరకు బయల్దేరేటప్పుడు అవ్వ అడిగింది. "మాతోని వస్తవా?"

"నాకు డ్యూటీ ఉన్నదవ్వా."

సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. మొదటిసారి వద్దనడం మర్యాద కదా, రెండోసారి అడిగితే వెళ్దామని మనసులో చీర కూడా ఎంచి పెట్టుకున్నాను. అవ్వ రెండోసారి అడగలేదు. "నౌకరీ జేసేదానివి, నీకేడ తీరుతది. ఇల్లు జర సూస్కో" అని తాళంచెవి ఇచ్చి, పిల్లాజెల్లాతో బండెక్కింది.

వీధి వీధంతా ఖాళీ అయింది. మగ్గం చప్పుడు లేదు. ఇన్నాళ్లూ కోరుకున్న నిశ్శబ్దం దొరికింది, కంటి మీద కునుకు మాత్రం లేదు. అద్దెకుండే మనిషిని బతిమాలి మరీ ఎవరు తీసుకెళ్తారు అనుకుని ఏడ్చాను.

తిరిగొచ్చిన అవ్వ కాళ్లయినా కడుక్కోకుండా నా గదిలోకి వచ్చి బెల్లం ముక్క చేతిలో పెట్టింది. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మేం బంగారమే అంటాం. మొక్కుకుంటే మనిషి ఎంత తూగితే అంత ఇవ్వాలి.

"ఇది నీదే బిడ్డా. నీకు జరమొచ్చినప్పుడు మొక్కిన. నీ నిలువెత్తు బంగారం ఇచ్చొచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"సెప్తె వద్దంటవు. మరి నీకోసం మొక్కేటోళ్లు ఎవలున్నరు?"

ఆ మాట గుచ్చుకుంది. సంతోషమూ ఆ మాటకే కలిగింది. ఏం చేయాలో తెలియక, కాంటాలో నాతోపాటు బ్యాగూ టిఫిన్ డబ్బా కూడా తూగాయని వాదన పెట్టుకున్నాను.

"తల్లులకు జర ఎక్కువ పోతె ఏమైతది? తిను."

గోడ అవతల మగ్గం మొదలైంది. బెల్లం నోట్లో ఉండగానే నిద్రపోయాను.

తర్వాత బదిలీల మీద చాలా ఊళ్లు తిరిగాను. ఇప్పుడున్న ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. మొన్న జ్వరంతో ఆస్పత్రికి వెళ్తే నర్సు బరువు చూసే మిషన్ ఎక్కమంది. బ్యాగు చేతిలో పట్టుకునే ఎక్కాను.

"బ్యాగు కింద పెట్టండమ్మా" అంది. "మీ ఒక్కరి బరువే కావాలి."