అయిదు వాట్ల సుందరి టీచరు

నల్లపాడులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే బాలత్రిపురసుందరికి యాభై మూడో ఏట ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడింది. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఈ ఏడు స్కూలు వార్షికోత్సవానికి వచ్చిన బ్యాండులో గిటారు ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని, గరగరలాడిస్తూ, ఎంతకీ వదలకుండా సాగదీసింది. వీణ ఎంత బతిమాలినా అంతసేపు నిలవదు. నెల తిరక్కుండా పాత గిటారొకటి, దాంతోపాటు టిఫిన్ క్యారియరంత ఆంప్లిఫయరొకటి ఇంటికి తెచ్చుకుంది. అయిదు వాట్లది.

భర్త రామచంద్రమూర్తి శివాలయం అర్చకులు. ఆయన గుడికి వెళ్లగానే సుందరి ఆంప్లిఫయరు మీటలన్నీ చివరిదాకా తిప్పి, గిటారు తీగ లాగింది. రేకు డబ్బాలో కందిరీగ పడ్డట్టు మోగింది.

"టీచరమ్మా! ఏందా గోల?" గోడ అవతల నుంచి కేక.

పక్కింటి సుబ్బరావమ్మ. ప్రత్తిపాడు దగ్గర మిరప పండించే కుటుంబం. అరవై దాటినా గొంతు మాత్రం పొలం గట్టు మీదున్నట్టే ఉంటుంది. అర్చకుడి భార్య ఈ వయసులో ఏం వాయిస్తోందో ఆవిడకు తెలిస్తే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

"మిక్సీ, పిన్నిగారూ! పచ్చడి రుబ్బుతున్నా."

"ఏం పచ్చడి?"

"పండుమిరప."

పది నిమిషాల్లో సుబ్బరావమ్మ గిన్నెతో గుమ్మంలో ఉంది. "ఇంకా తాలింపు పెట్టలేదండీ" అని సుందరి ఆమెను పంపించి, ఉరుకులు పరుగుల మీద నిజంగానే రుబ్బింది.

ఆ వారం నుంచి సాధన చేసిన ప్రతిరోజూ పచ్చడి చేయక తప్పలేదు. గోంగూర, దోసకాయ, కొబ్బరి.

"ఇంట్లో కూర అనే పదార్థం ఉండేదే, ఏమైంది సుందరీ?" అన్నాడు రామచంద్రమూర్తి విస్తరిలో మూడు పచ్చళ్లు చూసి.

"వేడి చేస్తుందనండీ" అంది సుందరి. మిరపకాయ తినమని, కూర వేడి అని చెప్పిన ఇల్లాలు ఆ జిల్లాలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. ఆయన ఆలోచిస్తూ మజ్జిగ పోయించుకున్నాడు.

బ్యాండులో విన్న ఆ గరగర మాత్రం కుదరలేదు. క్లాసులో పిల్లలతో చేయించినట్టే, ఒక్కొక్క మీటే కదిపి చూసింది. గరగర పెంచే గెయిన్ మీట చివరిదాకా తిప్పితే స్వరం నలిగిపోతోంది. దాన్ని సగానికి దించి, వాల్యూం పెంచితే స్వరానికి ఒళ్లొచ్చింది. మంద్రాన్ని పెంచే బేస్ తగ్గించి, నడిమి స్వరాల మిడ్ కాస్త పెంచితే ముఖం కూడా వచ్చింది. చప్పుడు బయటికి పోకుండా ఆంప్లిఫయరును బీరువాలో బొంతల మధ్య కూర్చోబెట్టింది. దుప్పటి ముసుగులో ముసలాయన దగ్గినట్టుంది. తలుపు రెండు వేళ్ల సందు తెరిచింది. కొంత నయం.

అయినా నిండుదనం లేదు. అంత చిన్న స్పీకరు ఎంతని కదులుతుంది? గుడికి కొత్త మైకు సెట్టు వచ్చాక, పాత చెక్క స్పీకరు పెట్టె సుందరి వాళ్లింటి సామాను గదిలోనే పడి ఉంది. భర్తకు చెప్పకుండా దాన్ని ఈడ్చుకొచ్చి, రెండింటి నిరోధం ఎన్ని ఓములో సరిచూసుకుని, ఆంప్లిఫయరు వెనక ఉన్న తొర్రలోకి వైరు దూర్చింది.

ఆదివారం పదకొండింటికి ఒక తీగ మీటింది. స్వరం నెమ్మదిగా పొంగి, అంచుల్లో ఎర్రగా కాలి, గదంతా నిండి, అలాగే నిలబడింది. సుందరి కళ్లు మూసుకుంది. మళ్లీ మళ్లీ మీటింది. పచ్చడి సంగతే మరిచిపోయింది.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో గిన్నెతో సుబ్బరావమ్మ.

"ఇయాళ ఏం పచ్చడమ్మా?"

సుందరి మెడలో గిటారు. దాచడానికి చోటు లేదు. "పిన్నిగారూ... అబద్ధం చెప్పానండీ."

"నాకు తెలవదంటావా? నలభై ఏళ్లుగా మిక్సీ తిప్పుతన్నా. అది ఏనాడూ పల్లవి అందుకోలా."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు పచ్చడి మానేస్తావుగా! ఎల్లుల్లి లేకపోయినా నీ చెయ్యి మంచిది." సుబ్బరావమ్మ గిన్నె పక్కన పెట్టి, స్పీకరు పెట్టెకు ఎదురుగా చతికిలబడింది. "ఇన్నాళ్లూ పచ్చివాసన కొట్టిందే. ఇయాళ ఏగింది. ఇంకోసారి వాయించు."

సుందరి నవ్వుతూ వాయించింది. మధ్యలో రామచంద్రమూర్తి గుడి నుంచి వచ్చి, గుడి పెట్టెను, గిటారును, ఇద్దరు ఆడవాళ్లను వరసగా చూశాడు. కండువా కొక్కేనికి తగిలించి కుర్చీ లాక్కున్నాడు.

"గాంధారం కాస్త దిగింది, చూసుకో" అన్నాడు.

ఆ వేసవి సెలవుల్లో సుబ్బరావమ్మ మూడు స్వరాలు పట్టడం నేర్చింది. తీగల ఒరిపిడికి వేళ్లు మండుతాయని సుందరి ముందే హెచ్చరించింది. ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసిన ఆ చేతులకు ఆ మంట ఒక లెక్కలోకే రాలేదు.